అమావాస్య నుంచి అమావాస్య దాకా: చలికాలపు ఆకాశంతో ఒక నెల

చుక్కలు చూడాలనుకునే కొత్తవాళ్లు ముందు టెలిస్కోప్ కొంటారు. నేనూ కొన్నాను. డబ్బా మీద 675 రెట్లు పెద్దగా చూపిస్తుందని రాసి ఉంది. స్టాండు ఎంత బలహీనమంటే, కంటి రెప్ప తగిలితే చంద్రుడు గంతులేసేవాడు. వారం తర్వాత అది అటక ఎక్కింది, నేను మళ్లీ ఖాళీ కళ్లతో డాబా ఎక్కాను. ఆ చలికాలం చూసినంత ఆకాశం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అందుకే నేను చెప్పబోయే ఈ నెలరోజుల పద్ధతిలో మొదటి ఐదు రాత్రులు ఏ పరికరమూ ఉండదు. ఆ తర్వాత ఒక బైనాక్యులర్ చాలు.

కావలసింది ఒక డాబా, ఒక నోటు పుస్తకం, గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు.

నెల ఎప్పుడు మొదలుపెట్టాలి

జనవరి 1 కాదు, అమావాస్య. మన భాషలో చంద్రుడికీ మాసానికీ ఒకటే మాట, నెల. చూసేవాడికి కూడా అదే సరైన కొలత. ఎందుకంటే ఏ రాత్రి ఏం కనిపిస్తుందో తేల్చేది చంద్రుడి వెలుగే. నేను ఎంచుకునేది పుష్యమాసం. డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో మొదలై, చొల్లంగి అమావాస్యతో ముగుస్తుంది. వానలు వెనకబడతాయి, రాత్రులు పొడుగ్గా ఉంటాయి, ఆకాశంలో అతి ప్రకాశవంతమైన చుక్కల్లో చాలా భాగం ఒకేసారి పైన ఉంటాయి.

క్యాలెండరులో మూడు సంగతులు చూడండి. తిథి చూస్తే చంద్రుడు ఎంత వెలుగుతో, ఎంతసేపు ఉంటాడో తెలుస్తుంది. ఆ రోజు నక్షత్రం చూస్తే చంద్రుడు ఏ చుక్క దగ్గరున్నాడో తెలుస్తుంది. "ఈరోజు రోహిణి" అంటే చంద్రుడు రోహిణి పరిసరాల్లో ఉన్నాడని అర్థం, అంతే. పౌర్ణమి నాటి చంద్రుడు పుష్యమి దగ్గరికి వస్తాడు కాబట్టి ఇది పుష్యమాసం. ఒక్కో ఏడాది ఒకటి రెండు నక్షత్రాలు అటూ ఇటూ అవుతాయి. ఇక గ్రహాల రాశులు. మన పంచాంగంలో రాశులు చుక్కల్ని పట్టుకుని లెక్కించినవి. అందుకే పంచాంగం గురుడు మిథునంలో ఉన్నాడంటే ఆకాశంలోనూ దాదాపు అక్కడే దొరుకుతాడు. జాతకాల సంగతి నాకు తెలియదు, నమ్మకమూ లేదు. చంద్రుణ్ణి వెతకడానికి మాత్రం పంచాంగాన్ని మించిన పుస్తకం లేదు.

ఈ వ్యాసంలో చెప్పే గంటలన్నీ జనవరి మధ్య నాటివి. పదిహేను రోజులు ముందు చూస్తే అదే దృశ్యం గంట ఆలస్యంగా వస్తుంది, పదిహేను రోజుల తర్వాత చూస్తే గంట ముందు.

మొదలుపెట్టే ముందు, రెండు సాయంత్రాల పని

చోటు ఎంచుకోండి. ఊరి బయట చీకటి చోటు వెతుక్కుంటూ వెళ్లాలనిపిస్తుంది, కానీ నెలకు ఒక్కసారి వెళ్లే అడవి కన్నా ముప్పై రాత్రులు ఎక్కే డాబా మేలు. తూర్పు, దక్షిణం తెరిపిగా ఉండాలి. వీధి దీపం కంట్లో పడకుండా నీళ్ల ట్యాంకు చాటునో, మెట్ల గది చాటునో కూర్చోండి. మడత మంచం ఉంటే ఇంకేం కావాలి, మెడ నొప్పి ఉండదు.

ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి. అది క్షితిజం నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో అదే మీ ఊరి అక్షాంశం. హైదరాబాద్‌లో 17 డిగ్రీల చిల్లర, విజయవాడలో పదహారున్నర, తిరుపతిలో పదమూడున్నర. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. వేళ్లు విప్పి జాన పెడితే సుమారు 20. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. నిండు చంద్రుడు అందులో సగమే, నమ్మకపోతే పౌర్ణమి నాడు వేలు అడ్డం పెట్టి చూడండి. కాబట్టి ఉత్తరాన రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో, ఒంటరిగా, ఓ మోస్తరుగా వెలిగే చుక్కే ధ్రువుడు. చాలామంది అనుకున్నట్టు అది ఆకాశంలోకెల్లా పెద్ద చుక్క కాదు.

ఎర్ర దీపం చేసుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు కట్టండి. స్టెల్లారియం లాంటి యాప్ కావాలంటే అందులో రాత్రి మోడ్ పెట్టుకోండి, కానీ ముందు చుక్కను చూసి, తర్వాత యాప్‌తో సరిచూసుకోండి. వరస మారిందంటే మీరు చూసేది ఫోన్‌నే.

ఇంకో మాట. ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి. నేను చెప్పలేదు. మూడో రాత్రి కింద గేటు దగ్గర నలుగురు పోగై, డాబా మీద బైనాక్యులర్ పట్టుకుని తిరిగేదెవడని తగువు పెట్టుకున్నారు. పైకి పిలిచి చంద్రుణ్ణి చూపిస్తే గొడవ సర్దుకుంది. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ వాన మబ్బు పడితే "మీకు ఈరోజు సెలవా?" అని అడుగుతాడు.

మొదటి ఐదు రాత్రులు: నెలపొడుపు, పెద్ద చుక్కలు

విదియ నాడు పొద్దు గుంకిన అరగంటకు పడమర చూడండి. సన్నటి నెలవంక. వంక లోపలి చీకటి భాగం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. భూమి మీద పడిన ఎండ తిరిగి చంద్రుడి మీదికి వెళ్లి, అక్కణ్ణుంచి మన కంటికి చేరిన వెలుగది. చవితి చంద్రుణ్ణి చూడకూడదన్న భయం భాద్రపదానికే, పుష్యానికి లేదు.

చంద్రుడు దిగిపోయాక తూర్పుకు తిరగండి. రాత్రి ఎనిమిదిన్నరకు ఆగ్నేయం వైపు ఎత్తున మూడు చుక్కలు వరసగా, సమాన దూరాల్లో ఉంటాయి. మా ఊళ్లో గొల్లకావడి అనేవాళ్లు. పుస్తకాల్లో ఇది ఓరియన్ అనే చుక్కల గుంపుకు నడుము పట్టీ. ఇది దొరికితే చలికాలపు ఆకాశం మీ చేతికి చిక్కినట్టే.

పట్టీకి ఎడమవైపు ఎర్రగా వెలిగేది ఆర్ద్ర, కుడివైపు నీలి తెలుపుతో వెలిగేది రైగెల్. ఈ రెండు రంగుల తేడా ఖాళీ కంటికే తెలుస్తుంది. పట్టీ గీతను పైకి సాగదీస్తే నారింజ రంగు రోహిణి, ఇంకా సాగదీస్తే చిన్న గుంపు కృత్తికలు. పిల్లలకోడి అంటే ఇదే. అదే గీతను కిందికి సాగదీస్తే లుబ్ధకుడు. రాత్రి ఆకాశపు చుక్కలన్నిటిలో ఎక్కువ వెలిగేది ఇదే, దూరం 8.6 కాంతి సంవత్సరాలు (వెలుగు ఒక ఏడాదిలో వెళ్లే దూరమే కాంతి సంవత్సరం). క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుపులు మెరుస్తుంది. అది చుక్క చేసే పని కాదు, మధ్యలో ఉన్న మన గాలి పని. గ్రహాలు ఇంతగా మిణుకుమనవు, అదే వాటి గుర్తు. ఆర్ద్రకు ఎడమగా ఈశాన్యం వైపు జంటగా కనిపించేవి పునర్వసు చుక్కలు. ఉత్తరాన ఎత్తులో పసుపు తెలుపుగా ఉండేది బ్రహ్మహృదయం.

రోజుకు రెండు చుక్కల పేర్లు చాలు. ఎక్కువ పెట్టుకుంటే మూడో రోజుకు అన్నీ కలిసిపోతాయి.

ఇక అగస్త్యుడు. ఉత్తరాది వాళ్లు మనల్ని చూసి అసూయపడాల్సిన చుక్క. ఢిల్లీలో ఇది క్షితిజం నుంచి తొమ్మిది డిగ్రీల దాకా కూడా లేవదు. మనకు రాత్రి పదిన్నర, పదకొండు మధ్య సరిగ్గా దక్షిణాన జానెడు ఎత్తులో నిలబడుతుంది. వెలుగులో లుబ్ధకుడి తర్వాతి స్థానం దీనిదే. వింధ్య దాటి దక్షిణానికి వచ్చి తిరిగి వెళ్లని ముని పేరు దీనికి ఎందుకు పెట్టారో ఈ ఎత్తు చూస్తేనే తెలుస్తుంది. బాపట్ల దగ్గర సూర్యలంక లాంటి తీరంలో, సముద్రం మీద చూస్తే ఇంకా బాగుంటుంది.

నీళ్ల ట్యాంకు ప్రయోగం

నెలంతా చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. ఖర్చు లేదు, ఒక సుద్దముక్క చాలు.

మీరు కూర్చునే చోటి నుంచి ఆగ్నేయంగా ఒక ట్యాంకు అంచో, గోడ అంచో నిటారుగా కనబడాలి. గోడకు తల ఆనించే చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ తల అక్కడే ఆనాలి. ఒక కన్ను మూసి, లుబ్ధకుడు ఆ అంచు వెనక్కి పోయే క్షణం కోసం చూడండి. చుక్క మెల్లగా మసకబారదు, దీపం ఆర్పినట్టు టక్కున మాయమవుతుంది. ఆ సమయం రాసుకోండి.

నా పుస్తకంలో మొదటి రాత్రి 9.34. వారం తర్వాత 9.06. ఇంకో వారానికి 8.39. మూడో వారానికి 8.11. ప్రతి చుక్కా రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు, సరిగ్గా చెప్పాలంటే 3 నిమిషాల 56 సెకన్లు, ముందుగా వస్తుంది. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. ఆలోగా సూర్యుడి చుట్టూ కాస్త ముందుకు జరిగింది కాబట్టి సూర్యుణ్ణి మళ్లీ ఎదురుగా తెచ్చుకోవడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. ఆ నాలుగు నిమిషాలే ఏడాదిలో ఒక పూర్తి రోజు అవుతాయి. బడిలో చదివినప్పుడు ఇది నాకు ఎక్కలేదు. ట్యాంకు అంచు దగ్గర ఎక్కింది.

మబ్బు పట్టి రెండు మూడు రోజులు తప్పినా పరవాలేదు, లెక్క చెడదు.

షష్ఠి నుంచి పౌర్ణమి దాకా: చంద్రుడిదే రాజ్యం

ఈ రోజుల్లో మసక వస్తువులు వెతకడం వృథా. చంద్రుణ్ణే చూడండి. బైనాక్యులర్ ఇప్పుడు తీయవచ్చు. కొనేట్టయితే 7×50 లేదా 10×50. మొదటి అంకె ఎన్ని రెట్లు, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. ఇంతకంటే ఎక్కువ రెట్లు ఉన్నవాటిని చేత్తో పట్టుకుంటే వణుకు తప్పదు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఊపిరి కాస్త బిగబట్టి చూడండి. పగలు దాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదు, పిల్లల చేతికి అందకుండా పెట్టండి. ఒక్క క్షణంలో చూపు పోతుంది.

చంద్రుడి మీద చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. అక్కడ పొద్దు అప్పుడే పొడుస్తుంటుంది, కొండల నీడలు పొడుగ్గా పడతాయి. అందుకే గుంటలు కనిపించడానికి పౌర్ణమి అన్నిటికన్నా పనికిరాని రోజు. సప్తమి, అష్టమి రోజుల్లో గీత నడిమధ్యన ఉంటుంది. దక్షిణపు కొన దగ్గర గుంటల మీద గుంటలు. చంద్రయాన్-3 దిగింది ఆ వైపే, 69 డిగ్రీల దక్షిణాన, 2023 ఆగస్టు 23న. దిగిన చోటు మన బైనాక్యులర్‌కు అందదు, ఆ ప్రాంతం ఎంత ఎగుడుదిగుడో మాత్రం అర్థమవుతుంది. నవమి, దశమి నాటికి కోపర్నికస్ గుంట బయటపడుతుంది, వెడల్పు 93 కిలోమీటర్లు. పౌర్ణమికి గుంటలు చదునైపోతాయి, కానీ టైకో గుంట నుంచి నలువైపులా చిమ్మిన తెల్లటి చారలు అప్పుడే బాగా కనిపిస్తాయి.

ఈ రోజుల్లోనే చంద్రుడి నడక కూడా పట్టుకోవచ్చు. రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు, అంటే పిడికిలికి కాస్త ఎక్కువ. ఏకాదశి అటూ ఇటూగా కృత్తికల దగ్గర, మర్నాడు రోహిణి దగ్గర. క్యాలెండరులో నక్షత్రం చూసి ముందే ఊహించి, తర్వాత పైకెళ్లి చూడండి.

గురుడు పైన ఉంటే

2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, మిథునంలో, పునర్వసు చుక్కల పొరుగున ఉన్నాడు. ఏడాదికి సుమారు ఒక రాశి చొప్పున ముందుకు జరుగుతాడు కాబట్టి తర్వాతి ఒకటి రెండు చలికాలాల్లో కాస్త ఆలస్యంగా తూర్పున లేస్తాడు. కదలకుండా పట్టుకుంటే 10×50లో ఆయన పక్కన ఒకటి నుంచి నాలుగు చిన్న చుక్కలు ఒకే వరసలో కనిపిస్తాయి. అవి ఆయన చందమామలు. గెలీలియో వాటిని చూసి రాసుకోవడం మొదలుపెట్టింది 1610 జనవరి 7న, మార్చి మొదలు దాకా వదలకుండా చూశాడు. మీరూ అలాగే రోజుకో చిన్న బొమ్మ గీయండి, మధ్యలో సున్నా, పక్కల చుక్కలు. అందరికన్నా లోపల తిరిగే ఐయో 42 గంటల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది కాబట్టి రెండు రాత్రుల బొమ్మలు ఒకేలా ఉండవు.

పౌర్ణమి తర్వాత: చీకటి కిటికీ

బహుళ విదియ, తదియ నుంచి సాయంత్రం కొంత చీకటి దొరుకుతుంది. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. సంకటహర చవితికి చంద్రోదయం ఎన్నింటికని ఉపవాసం ఉన్నవాళ్లు క్యాలెండరు చూస్తారు కదా, అదే గడియ మనకూ కావాలి, కాకపోతే తిరగేసి. వాళ్లు ఆ సమయం కోసం ఎదురుచూస్తారు, మనం ఆలోపే పని ముగించుకోవాలి. ఏడుంబావు నుంచి తొమ్మిది దాకా దొరికినట్టే.

మొదట ఆండ్రోమెడా గెలాక్సీ, ఎందుకంటే అది పడమటికి దిగిపోతూ ఉంటుంది. ఏడున్నరకు వాయవ్యంలో ఎత్తున, శర్మిష్ఠ అనే వంకర ఎం ఆకారానికి పైన, ఎడమవైపు బైనాక్యులర్‌తో వెతికితే పొడుగుపాటి మసక మచ్చ. ఆ వెలుగు బయలుదేరి 25 లక్షల సంవత్సరాలైంది. చూసేది మచ్చే, ఫొటోల్లో ఉండే సుడులు కనిపించవు. ముందే చెబుతున్నాను, లేకపోతే నిరాశ పడతారు.

తర్వాత కృత్తికలు. ఖాళీ కంటికి ఆరు, బైనాక్యులర్‌లో డజన్ల కొద్దీ. రోజూ ఖాళీ కంటితో ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి రాయండి, ఆ రాత్రి గాలి ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలబద్ద అదే. హైదరాబాద్‌లో నాకు నాలుగు దాటితే పండగ. ఊరికి వెళ్లినప్పుడు ఆరు తేలిగ్గా, ఒక్కోసారి ఏడు.

గొల్లకావడి కింద వేలాడే మసక చుక్కల వరసలో మధ్యది చుక్క కాదు, ఓరియన్ నెబ్యులా. కొత్త నక్షత్రాలు పుట్టే మబ్బు. దూరం 1,300 కాంతి సంవత్సరాల పైచిలుకు. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే మసక వెలుగు బాగా తెలుస్తుంది. కంటి నడిమి భాగం రంగులకు పనికొస్తుంది, అంచు భాగం చీకటికి.

తొమ్మిది దాటాక ఇంకా చీకటి ఉంటే, తూర్పున పునర్వసుకు కింద పుష్యమి. ఖాళీ కంటికి దాదాపు ఏమీ లేని చోటు. బైనాక్యులర్ పెట్టగానే చక్కెర చల్లినట్టు చుక్కలు.

మంచు గురించి ఒక మాట. కోస్తాలో పది దాటితే కటకాల మీద తేమ కమ్ముతుంది. పంచె చెంగుతో తుడవకండి, గీతలు పడతాయి. లోపలికి తెచ్చి అలా ఆరనివ్వండి. తల మీద తువ్వాలు కప్పుకుని, వాడనప్పుడు బైనాక్యులర్‌ను కిందివైపు తిప్పి పెడితే చాలావరకు తప్పించుకోవచ్చు. లంబసింగి ఫొటోలు చూసి చుక్కల కోసం అక్కడికి పరిగెత్తకండి. ఆ పొగమంచు చూడ్డానికే అందం, చుక్కలకు శత్రువు. పొడి గాలి కావాలంటే అనంతపురం వైపు పల్లెలు నయం.

చివరి వారం: మారే చుక్కలు, తెల్లవారుజాము

ఇప్పుడు సాయంత్రమంతా చీకటే. రెండు చుక్కల వెలుగు గమనించండి.

ఒకటి ఆల్గాల్. కృత్తికలకూ శర్మిష్ఠకూ నడుమ ఉన్న పెర్సియస్ అనే చుక్కల గుంపులో ఉంటుంది, యాప్‌లో ఒకసారి గుర్తుపట్టండి. ఇది నిజానికి రెండు నక్షత్రాల జంట, మామూలు రోజుల్లో బాగానే వెలుగుతుంది. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి జంటలోని మసక నక్షత్రం ముందుకొచ్చి అడ్డుపడటంతో దాని వెలుగు మూడో వంతుకు పడిపోతుంది, మొత్తం తంతు పది గంటలు. అంటే ఒకసారి అర్ధరాత్రి మసకబారితే, మూడో రోజు రాత్రి తొమ్మిదికి ముందే. రోజూ పక్క చుక్కలతో పోల్చి "ఎక్కువ, సమానం, తక్కువ" అని రాస్తూ పోతే ఒక రాత్రి తప్పకుండా ఉలిక్కిపడతారు.

రెండోది ఆర్ద్ర. రోహిణితో పోల్చండి, మామూలుగా ఆర్ద్రదే పైచేయి. 2019 చివర్లో అది మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికి ఎన్నడూ లేనంత తగ్గింది. పేలిపోతుందేమోనని లోకమంతా తెగ ఎదురుచూసింది. చివరికి అది తాను చిమ్మిన పదార్థం ధూళిగా మారి అడ్డుపడటమని తేలింది. ఆ రోజుల్లో రాత్రి రాత్రికీ దాని వెలుగు అంచనా వేసి పంపినవాళ్లలో నాలాంటి డాబా మనుషులు ఎందరో ఉన్నారు.

ఒక్క రోజైనా తెల్లవారుజామున ఐదింటికి లేవండి. ధనుర్మాసమైతే ఇంట్లోవాళ్లు ముగ్గులకు ఎలాగూ లేస్తారు. దక్షిణం వైపు అడ్డం లేని చోట, క్షితిజానికి పిడికిలిన్నర లోపు ఎత్తులో నాలుగు చుక్కల చిన్న శిలువ నిటారుగా నిలబడి ఉంటుంది. త్రిశంకు. దానికి ఎడమగా కింద రెండు పెద్ద చుక్కలు, రెంటిలో కిందిది ఆల్ఫా సెంటారీ, ఖాళీ కంటికి కనిపించే చుక్కల్లో మన సూర్యుడికి అతి దగ్గరి పొరుగు, 4.4 కాంతి సంవత్సరాలు. అలాగే ఉత్తరానికి తిరిగితే సప్తర్షులు ఎత్తున. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని అంటుకున్నట్టు అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పంతులుగారు చూపిస్తే తల ఊపినవాళ్లంతా ఇప్పుడు నిజంగా చూడవచ్చు. భోగి నాడు మాత్రం ఈ పని పెట్టుకోకండి, మంటల పొగలో ఏమీ కనిపించదు.

పుస్తకం ఎలా రాయాలి

తిథి, సమయం, చోటు, గాలి ఎలా ఉంది, కృత్తికలు ఎన్ని, ఏం చూశారు, ఏది దొరకలేదు. దొరకనిది రాయడం ముఖ్యం. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "పుష్య బహుళ దశమి. 8.10. డాబా. పొగ ఉంది. కృత్తికలు 3. ఆండ్రోమెడా దొరకలేదు, అరగంట వెతికాను. ఆల్గాల్ తక్కువ! 8.40కి ఇంకా తక్కువ. చలి. అమ్మ మూడుసార్లు పిలిచింది."

ఇంటి నుంచి చూసి రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడె వెంకట జగ్గారావు సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నది 1840లో. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కణ్ణుంచి గమనించాడు.

అమావాస్య నాడు పాత పేజీలు తిరగేసి, దొరకని వాటి పక్కన గుర్తు పెట్టండి. మర్నాడు మాఘం మొదలవుతుంది, చుక్కలన్నీ రెండు గంటల ముందే వచ్చేస్తాయి. ఆ జాబితా పట్టుకుని మళ్లీ విదియ నాటి సాయంత్రం పైకెక్కండి.